ఎరుపెక్కువ, కారం తక్కువ



ఈ పూట మనం ఒక మాంసం కూర వండుకుందాం. తొందర లేని కూర. పొయ్యి మీదికి ఎక్కించాక మూడు గంటలపాటు దాని మానాన అది ఉడికే కూర. దీని ఊరు మెక్సికో దేశంలో పడమటి కొసన, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉన్న హలిస్కో రాష్ట్రం. దీని పేరు బిర్రియా.

హలిస్కోలో పెళ్ళయితే బిర్రియా. పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తే బిర్రియా. ఏ వేడుకా లేకపోయినా ఆదివారం పొద్దున్నే బండి దగ్గర నిలబడి తినేదీ బిర్రియానే. ఒక లోతు గిన్నె ఇస్తారు. అందులో ఎర్రటి పులుసు. పులుసులో వేలితో తాకితే విడిపోయే మాంసం. పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, పిండుకోవటానికి నిమ్మచెక్క. పక్కన గుడ్డలో చుట్టిన వేడి వేడి మొక్కజొన్న రొట్టెలు.

ఆ ఎరుపు చూడగానే మనకు ముందే చెమట పడుతుంది. ఇంత ఎరుపుంటే ఎంత కారమో అనుకుంటాం. తీరా నోట్లో పెట్టుకుంటే కారం కొద్దిగానే తగులుతుంది. దాని వెనక చిన్న పులుపు, ఆ వెనక ఎండిన పండు తీపి, చివర్లో చిరుచేదు. ఇంత రుచీ ఎక్కణ్ణించి వచ్చింది? మిరపకాయ నుంచే వచ్చింది.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ సంగతే. మెక్సికో వంటింట్లో మిరపకాయకున్న పెద్ద పని కారం పెట్టటం కాదు, పులుసుకు కండ పట్టించటం. కూర చిక్కబడటానికి మనం ఉల్లిపాయ ముద్ద వేస్తాం, గసగసాలు నూరి వేస్తాం, కొబ్బరి వేస్తాం. బిర్రియాలో ఆ చిక్కదనం మిరపకాయ గుజ్జుది. ఆ రంగూ దానిదే, ఆ వాసనా దానిదే.

వాళ్ళకు మిరపకాయతో ఇంత చనువు ఎలా వచ్చింది? అది వాళ్ళింటి పంట. మనం పండించే మిరప పుట్టిల్లు మెక్సికో. అక్కడ తెవాకాన్ లోయలోని గుహల్లో తవ్వితే వేల ఏళ్ళ కిందటి మిరప ఆనవాళ్ళు బయటపడ్డాయి. మన దగ్గరికి అది పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అదీ పదహారో శతాబ్దంలో. అంతకుముందు మన కూరల్లో ఘాటంటే ముఖ్యంగా మిరియమే. కొత్తగా వచ్చిన మిరపకాయకు మనం ఆ మిరియం కొలువే ఇచ్చాం. ఎండబెట్టాం, దంచాం, చెంచాతో కొలిచి వేశాం. దాని తోలు కింద ఒక పండు ఉందన్న సంగతి చాలా కూరల్లో పక్కకు పోయింది. పండుమిరపకాయల పచ్చడి పట్టే ఇళ్ళకు మాత్రం ఈ సంగతి బాగా తెలుసు. రోట్లో పండుమిరప నలుగుతున్నప్పుడు వచ్చే ఆ తియ్యటి వాసన గుర్తుంది కదా? మెక్సికో వాళ్ళ కూరలో మనం వెతుక్కోవలసింది ఆ వాసననే.

ఇక మాంసం సంగతి. మిరపకాయ వాళ్ళది గానీ, ఆవూ మేకా వాళ్ళవి కావు. 1521లో అక్కడి అజ్టెక్ రాజధాని స్పెయిన్ వాళ్ళ చేతికి చిక్కింది. పశువులు, మేకలు, గొర్రెలు ఆ కాలంలోనే ఓడలెక్కి వచ్చాయి. అప్పటిదాకా ఆ జనం ఎరిగిన మాంసం టర్కీ కోడి, జింక, కుందేలు వంటివి. జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మ కూడా బయటి నుంచి వచ్చినవే. మనం పిండుకునే చిన్న నిమ్మకాయ ఆసియాది. అదే అక్కడికి వెళ్ళి మెక్సికో నిమ్మ అయింది. దాల్చినచెక్క, లవంగం కూడా మన వైపు నుంచే వెళ్ళాయి. 1565 నుంచి 1815 దాకా, రెండున్నర శతాబ్దాలపాటు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఆసియా సుగంధ ద్రవ్యాలు ఆ దారినా వెళ్ళాయి. ఈనాటికీ మెక్సికో గృహిణి ఇష్టపడేది పలచగా, పొరలు పొరలుగా ఉండే సింహళం దాల్చినచెక్కనే. అందుకే బిర్రియా దినుసులు చదివితే మన వంటింటి పోపులపెట్టె తెరిచినట్టే ఉంటుంది.

బిర్రియా మొదట మేకమాంసంతో పుట్టింది. మాంసానికి మిరప ముద్ద పట్టించి, కలబంద జాతికి చెందిందా అనిపించే మాగే అనే ముళ్ళ మొక్క ఆకుల్లో చుట్టి, నేలలో తవ్విన గుంటలో నిప్పుల మీద పెట్టేవారు. కుండ మూతకు మొక్కజొన్న పిండి ముద్ద అంటించి ఆవిరి పోకుండా మూసే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులో దమ్ బిర్యానీ చూసిన వాళ్ళకు ఇది వేరే విడమరచి చెప్పనక్కరలేదు. ఆ తర్వాత అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న తిహువానా పట్టణంలో దీన్ని పశుమాంసంతో వండటం బాగా పాకింది. అక్కణ్ణించి సరిహద్దు దాటి కాలిఫోర్నియాకు పోయింది. ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నది ఈ పశుమాంసపు బిర్రియానే.

మన దగ్గర పెద్దకూర వండుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. మాంసాన్ని దండెం మీద ఎండబెట్టి తునకలు చేసుకునే ఇళ్ళున్నాయి. పొద్దున్నే నహారీ తినే పాతబస్తీ ఉంది. ఆ ఇళ్ళవాళ్ళకు సన్నని సెగ మీద మాంసం ఉడికించటం ఇంకొకరు నేర్పవలసిన విద్య కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం ఉంది. ఇక్కడ దొరికేది చాలావరకు గేదె జాతి మాంసం. దానికి కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. ఈ కూరకు అదేమీ లోపం కాదు. ఇంకొంచెం సేపు ఉడకాలి, అంతే. పశుమాంసం తినని ఇళ్ళలో మేకమాంసంతో చేసుకోండి. హలిస్కోలో పాతకాలపు వంట అదే కదా.

మాంసం కొనేటప్పుడు ఒక మాట. మెత్తటి ముక్క అడక్కండి. ఈ కూరకు గట్టి ముక్కే కావాలి. కాలి పిక్క, భుజం, మెడ, పక్కటెముకలు. బాగా నడిచిన, బరువు మోసిన కండ. ఒకటి రెండు నల్లి బొక్కలు కూడా వేయించుకోండి. ఆ కండల మధ్య తెల్లటి పొరలు, నరాల్లాంటి పట్టీలు ఉంటాయి. శాస్త్రజ్ఞులు దాన్ని కొల్లాజెన్ అంటారు. సన్నని సెగ మీద, గంటల తరబడి ఉడికితే ఆ కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. పులుసు పెదాలకు కొద్దిగా అంటుకున్నట్టు ఉంటే, అది ఆ జెలటిన్ పుణ్యమే. మెత్తటి ముక్కలో ఈ సరుకు ఉండదు. అది త్వరగా ఉడికి, ఆ తర్వాత పీచు పీచుగా ఎండిపోతుంది.

ఇప్పుడు మిరపకాయల దగ్గరికి వద్దాం. వంటంతా ఇక్కడే ఉంది.

బిర్రియాకు ముఖ్యంగా రెండు రకాల ఎండు మిరపకాయలు వాడతారు. ఒకటి గ్వాహియో. పొడుగ్గా, నున్నగా, మెరుస్తూ, ముదురు ఎరుపులో ఉంటుంది. రంగూ కొంచెం పులుపూ దానివి. రెండోది ఆంచో. పొబ్లానో అనే పెద్ద మిరపకాయ పండి ఎండితే ఆంచో అవుతుంది. వెడల్పుగా, ముడతలు పడి, నలుపు తిరిగిన ఎరుపులో ఉంటుంది. ఎండు ద్రాక్ష తీపి దాని సొత్తు. కారం కావాలనుకునే వాళ్ళు ఆర్బోల్ అనే సన్న మిరపకాయలు ఒకటి రెండు చేర్చుకుంటారు. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఇవన్నీ వీధి చివర మెక్సికో దుకాణంలోనే దొరుకుతాయి.

మరి ఇక్కడున్న మనం ఏం చేయాలి? ఎరుపు కావాలి, కండ కావాలి, కారం తక్కువ ఉండాలి. అలాంటి కాయ మన దగ్గర లేదా? ఉంది. వరంగల్ వైపు పండే చపాటా మిర్చి. టమాటా మిర్చి అని కూడా అంటారు. పొట్టిగా, లావుగా, మంచి ఎరుపులో ఉంటుంది, కారం బాగా తక్కువ. పచ్చళ్ళకు రంగు రావటానికి వాడేది అదే. అది దొరక్కపోతే కర్ణాటక నుంచి వచ్చే బ్యాడగి తీసుకోండి. సన్నగా, ముడతలు ముడతలుగా ఉంటుంది, రంగు బాగా దిగుతుంది. ఆంచో తీపి కోసం ఒక గుప్పెడు ఎండు ద్రాక్ష చేర్చండి. గుంటూరు సన్నాలు మాత్రం ఒకటి రెండు చాలు. పూర్తిగా గుంటూరు మిరపతో ఈ కూర చేయొద్దని గట్టిగా చెబుతాను. గుంటూరు మిరప గొప్పదే, కానీ దాని గొప్పతనం వేరు. ఈ కూరకు కావలసినంత గుజ్జు రావాలంటే దానితో వేయవలసిన కాయల లెక్కకు ఎవరూ తినలేని కారం వస్తుంది.

కొలత గుర్తు పెట్టుకోండి. కిలో మాంసానికి పన్నెండు నుంచి పదిహేను పెద్ద ఎండు మిరపకాయలు. మళ్ళీ చెబుతున్నాను. కిలో మాంసానికి పన్నెండు నుంచి పదిహేను, కారం తక్కువ రకం. బ్యాడగి సన్నగా ఉంటుంది కాబట్టి ఇరవై దాకా వేసినా ఫరవాలేదు.

ముందు చేతులకు కొంచెం నూనె రాసుకోండి. మిరప ఘాటు నీళ్ళకు లొంగదు, నూనెకు లొంగుతుంది. తొడిమ తుంచి, కాయను చీల్చి, గింజలు దులపండి. లోపల గింజలు అంటుకుని ఉండే లేత రంగు ఈనెలు కనిపిస్తాయి. వాటినీ లాగేయండి. ఘాటు గింజలో ఉంటుందని అందరం అనుకుంటాం. నిజానికి అది పుట్టేది ఆ ఈనెలలోనే. ఈనెలు తీస్తే కారం బాగా దిగిపోతుంది, రుచి మాత్రం తోలులోనూ కండలోనూ నిలిచే ఉంటుంది.

పెనం పెట్టండి. నూనె వద్దు. మెక్సికోలో కొమాల్ అనే మట్టి పెనం మీద చేసేవారు, మన రొట్టెల పెనం చక్కగా సరిపోతుంది. మంట మధ్యస్థంగా ఉండాలి. చీల్చిన మిరపకాయను పరిచి, గరిటెతో ఒక్కసారి నొక్కి, తిప్పి, మళ్ళీ నొక్కి, తీసేయండి. అయిదారు సెకన్లు ఒక వైపు, అయిదారు సెకన్లు రెండో వైపు. ఒళ్ళు కొంచెం ఉబ్బుతుంది, రంగు మారుతుంది, వంటిల్లంతా తియ్యటి వాసన వస్తుంది. ఆ వాసన రాగానే తీసేయాలి. నల్లబడిందా, చేదెక్కిందన్నమాటే. ఆ చేదును బెల్లమూ పోగొట్టదు, టమాటా పోగొట్టదు. ఒక్క కాయ మాడినా పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి. పొయ్యి దగ్గర నిలబడి చేయాల్సిన పని ఇది. ఫోన్ మోగితే మోగనివ్వండి.

వేయించిన కాయలను వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. మెత్తగా, తోలు సంచుల్లా అవుతాయి. నానిన నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. చేదుగా లేకపోతే నూరటానికి వాడుకోండి. చేదుగా ఉంటే పారబోసి మామూలు నీళ్ళు పోయండి.

అదే పెనం మీద రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే కాల్చండి. ఇక్కడ మచ్చలు పడాలి, అక్కడక్కడ నల్లబడాలి. మిరపకాయకు మాడటం కీడు, టమాటాకు మేలు. తర్వాత చెంచాడు జీలకర్ర, కొన్ని మిరియాలు, రెండు లవంగాలు, చిటికెన వేలంత దాల్చినచెక్క వేడి చేసుకోండి. ఒరెగానో ఆకు దొరికితే ఒక చెంచాడు. మెక్సికో ఒరెగానో వేరు, పిజ్జా మీద చల్లే ఒరెగానో వేరు. రెండూ వేరు వేరు మొక్కల కుటుంబాలవి. అది లేకపోతే ఇది వాడండి, కూరేమీ చెడదు. మసాలా ఎక్కువ వేయాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. ధనియాల పొడి, గరం మసాలా, అల్లం ఈ కూరలోకి రావు. అవి వస్తే మంచి కూరే అవుతుంది, కానీ మన కూర అవుతుంది. మిరపకాయ గొంతు మనకు వినిపించాలంటే మిగతావి తగ్గి ఉండాలి.

ఇవన్నీ కలిపి, రెండు చెంచాల వెనిగర్ పోసి, మెత్తగా రుబ్బండి. మిక్సీ చాలు. రుబ్బిన ముద్దను జల్లెడలో వేసి గరిటెతో వత్తండి. తోలు పైన మిగిలిపోతుంది, కిందికి వెన్నలాంటి గుజ్జు దిగుతుంది. ఈ వడకట్టటం మానొద్దు. మానితే పులుసులో తోలు ముక్కలు గొంతుకు తగులుతాయి.

మాంసాన్ని పెద్ద ముక్కలుగా ఉంచండి, పిడికిలంత ఉండాలి. ముందే ఉప్పు పట్టించి పెట్టండి. మందపాటి గిన్నెలో నూనె కాగనిచ్చి, ముక్కలు కొద్ది కొద్దిగా వేసి, కదపకుండా ఎర్రగా కాలనివ్వండి. అన్నీ ఒకేసారి కుక్కితే నీరు ఊరి, కాలాల్సింది కాస్తా ఉడుకుతుంది. కాలిన ముక్కలు తీసి పక్కన పెట్టి, ఆ నూనెలోనే మిరప గుజ్జు పోయండి. చిటపటమంటుంది, జాగ్రత్త. పది నిమిషాలు కలుపుతూ వేయించండి. ఎరుపు ముదురుతుంది, నూనె అంచుల్లో తేలుతుంది. మిరప రంగు నూనెలోనే బాగా కరుగుతుంది కాబట్టి, బిర్రియా మీద తేలే ఆ ఎర్రటి నూనె ఇక్కడే తయారవుతుంది.

మాంసం మళ్ళీ వేసి, ముక్కలు మునిగేదాకా వేడి నీళ్ళు పోసి, రెండు బిర్యానీ ఆకులు వేయండి. ఒక్క పొంగు రానివ్వండి. వెంటనే సెగ తగ్గించండి. అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేస్తుండాలి. అంతే. తెర్లించకూడదు. తెర్లితే మాంసం బిగుసుకుంటుంది.

మూత పెట్టి మూడు గంటలు. ఇక్కడ చాలామంది భయపడే ఘట్టం ఒకటుంది. గంట గడిచాక ముక్క తీసి చూస్తే, ముందుకంటే గట్టిగా ఉంటుంది. వంట చెడిందేమో అనిపిస్తుంది. చెడలేదు. కండ బిగుసుకుంది, కొల్లాజెన్ ఇంకా కరగలేదు. మంట పెంచకండి, అలాగే ఉంచండి. రెండో గంట దాటాక లొంగటం మొదలుపెడుతుంది. మూడో గంటకు చెంచాతో విడిపోతుంది. మళ్ళీ చెబుతున్నాను, మొదటి గంట చూసి నిరాశపడొద్దు. గేదె మాంసమైతే ఇంకో అరగంట పట్టొచ్చు.

అంత గ్యాస్ ఎవరు కాలుస్తారండీ అంటే, అదీ న్యాయమే. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక సెగ తగ్గించి నలభై నిమిషాలు. ఆవిరి దానంతట అదే దిగాక మూత తీసి, మరో పావుగంట సన్నగా మరగనివ్వండి. ఆ చివరి పావుగంటలోనే పులుసు చిక్కబడుతుంది.

తినే పద్ధతి రెండు రకాలు. గిన్నెలో పులుసుతో తినొచ్చు. లేదా పైన తేలిన ఎర్ర నూనెలో రొట్టె ముంచి, పెనం మీద వేసి, మధ్యలో మాంసం, కొంచెం చీజ్ పెట్టి మడిచి, కాల్చి, పులుసులో అద్దుకుని తినొచ్చు. రొట్టె మాత్రం మొక్కజొన్నదైతే మేలు. మెక్సికో వాళ్ళు మొక్కజొన్న గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, ఆ తర్వాతే రుబ్బుతారు. అలా చేస్తే పిండి సాగుతుంది, రొట్టె విరగదు. గింజలో బిగుసుకుని ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. యూరప్ వాళ్ళు మొక్కజొన్న తీసుకువెళ్ళారు గానీ ఈ సున్నపు పద్ధతి తీసుకువెళ్ళలేదు. మొక్కజొన్న మీదే బతికిన అక్కడి పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. మెక్సికో పల్లెల్లో అమ్మమ్మల పాత పద్ధతి జనాన్ని కాపాడింది. మెక్సికో సంప్రదాయ వంటను 2010లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇలాంటి తెలివిని చూస్తే అది దక్కవలసిన గౌరవమే.

మనింట్లో ఆ రొట్టె లేకపోతే జొన్నరొట్టె చేసుకోండి. దీనికి అన్నం కంటే జొన్నరొట్టే బాగుంటుందని నా అభిప్రాయం. పులుసును పీల్చుకుంటుంది, మిరప తీపికి అడ్డు రాదు. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ మాత్రం మరవొద్దు. మూడు గంటలు ఉడికిన బరువైన కూరకు ఆ పచ్చిదనం కావాలి. మిగిలితే మర్నాటికి దాచండి. పైన పేరుకున్న కొవ్వు కావలసినంత ఉంచుకుని మిగతాది తీసేయండి. రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది.

ఇంకోసారి గుర్తు చేస్తాను. కారం తక్కువ మిరపకాయ, ఈనెలు తీసి, మాడకుండా వేయించాలి. గట్టి మాంసం, సన్నని సెగ.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు కొట్టువాణ్ణి మిరపకాయ ఎంత కారమని అడిగి ఊరుకోకండి. ఒక కాయ తీసుకుని, విరిచి, వాసన చూడండి. తియ్యగా, పండు వాసన వచ్చిందనుకోండి, ఒక పావుకిలో కొనండి. ఈ ఆదివారం పొయ్యి ఖాళీగా ఉంటే బిర్రియా పెట్టండి.